దైవమును పురుషకారమును

పెదబయలు మొదలు గూడెము వఱకుఁ గల మన కొండలలో కష్టము వచ్చినపుడు "నొసటి వ్రాత" యని యూరకుండుట వాడుకైనది. శాస్త్రతాత్పర్య మది కాదు. భగవద్గీత పదునెనిమిదవ యధ్యాయము కార్యమునకు అధిష్ఠానము, కర్త, కరణము, చేష్ట, దైవము అని యైదు కారణములఁ జెప్పుచున్నది. దైవ మందు కడపటిది.

ఇందులకు మన్యపుచరిత్రమే సాక్షి. 1882 నాటి మదరాసు అటవీచట్టము పోడును నిర్బంధించెను. లంబసింగి బాటపనిలోఁ దగిన కూలి లేక మనవారు కష్టించిరి. దానిని ప్రారబ్ధమని సహించి యూరకుండలేదు. 1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజుగారి దళము చింతపల్లి ఠాణాపై నడచెను. గాము గంటందొర, మల్లుదొర సోదరు లా పితూరీలో ముఖ్యులు. 1924లో రాజుగారును గంటందొరయు నేలకొరిగిరి. చెఱ ననుభవించిన మల్లుదొర 1952లో విశాఖపట్టణమునుండి ప్రథమ లోకసభకు సభ్యుఁడయ్యెను.

అన్నదమ్ముల పూనిక యొక్కటే, ఫలములు వేఱు. ఆ భేదమును దైవ మందుము. పూనికను మాత్ర మట్లనరాదు.

కావున సోదరులారా! జ్వరపడిన బిడ్డను ఆసుపత్రికిఁ గొనిపోక, బాలికను బడి మానిపించి, పిమ్మట వ్రాతను నిందింపకుందుము గాక.