1942 నాటి అమెరికా ప్రయోగ సెంట్లు

రెండో ప్రపంచ యుద్ధంలో రాగిని ఆదా చేయడానికి అమెరికా ప్రభుత్వం ఒక సెంటు నాణేన్ని వేరే పదార్థాలతో కొట్టించి చూసింది. ఆ నమూనాలే ప్రయోగ సెంట్లు. అప్పటి సెంటులో 95 శాతం రాగి. తూటాల తొడుగులకూ, కరెంటు తీగలకూ కావలసిందీ అదే. సెంటులో కొద్దిగా కలిసే తగరం మరీ కరువైంది, గనులున్న మలయా 1942 మొదట్లోనే జపాన్ వశమైంది.

చలామణిలో ఉన్న లింకన్ బొమ్మ అచ్చులను ఈ నమూనాలు చేసే ప్రైవేటు కంపెనీలకు అప్పగించలేరు. అందుకని టంకశాల ప్రధాన శిల్పి జాన్ సినాక్ రూపొందించిన వేరే అచ్చును పంపారు: ఒకవైపు కొలంబియా నాణెం నుంచి తీసుకున్న స్త్రీమూర్తి తల, రెండోవైపు ఆకుల దండ నడుమ ‘యునైటెడ్ స్టేట్స్ మింట్’. విలువ ఎక్కడా వేయలేదు.

జింకు, అల్యూమినియం, బేకలైట్, గట్టి రబ్బరు, చివరికి గాజు కూడా ప్రయత్నించారు. టెన్నెసీలోని బ్లూ రిడ్జ్ గ్లాస్ కంపెనీ తేనెరంగు గాజుబిళ్లలపై ఈ అచ్చు వేసింది. చూడముచ్చటైన వస్తువే. కానీ బిళ్లలన్నీ ఒకే కొలతకు, ఒకే బరువుకు రాలేదు. ఆ గాజు సెంట్లలో ఒకటి 2017లో వేలంలో 70,500 డాలర్లు పలికింది.

గెలిచింది జింకు పూత వేసిన ఉక్కు. 1943లో అలాంటి సెంట్లు దాదాపు 109 కోట్లు కొట్టారు. చిక్కులు వెంటనే మొదలయ్యాయి. ముందే పూత వేసిన రేకు నుంచి బిళ్లలు కోయడంతో అంచు దగ్గర ఉక్కు బయటపడి, చెమట తగిలితే తుప్పు పట్టేది. కొత్త సెంటును జనం పది సెంట్ల నాణెమనుకునేవారు. దొంగబిళ్లలను అయస్కాంతంతో ఏరే అమ్మకపు యంత్రాలు దీన్నీ తిప్పికొట్టేవి. మరుసటి ఏడాదే సెంటు మళ్లీ రాగి మిశ్రమానికి మారింది.

అయితే పాత రాగి బిళ్లలు కొన్ని యంత్రాల్లో ఉండిపోయి 1943 ముద్ర వేయించుకున్నాయి. 1944లో కొన్ని ఉక్కు బిళ్లలకూ అదే జరిగింది. నాణేలు సేకరించేవారికి ఈ రెండూ అపురూపమే. రాగి పూత పూసిన నకిలీలూ ఎక్కువే. అయస్కాంతానికి అతుక్కుంటే అది ఉక్కు సెంటేనని తేలిపోతుంది.

భారతదేశంలో లోహం మార్చకుండానే రాగి మిగిల్చారు. 1943లో వచ్చిన చిల్లు కాణీ మునుపటి కాణీలో సగం బరువు కూడా తూగదు. 1947 దాకా దాన్ని కొడుతూనే ఉన్నారు.