పురజనుల ఓడలు

ఓడ యొకరిది, వలలాగు చేయి వేరొకరిది యగుట కడలినమ్మి బ్రతుకు మనకు క్రొత్తగాదు. ఓడ యజమాని రేవు విడిచిపోయినచో అచ్చటి జనుల గతియేమి? ఈ ప్రశ్న ఐస్లాండు దేశమందలి యొక చిన్న పట్టణమునకును ఎదురయ్యెను. ఆ వృత్తాంతమును సోదరుల యెదుట నుంచుచున్నాము.

రాజధానియగు రెయ్క్యావిక్కునకు దక్షిణమున హాఫ్నర్‌ఫ్యోర్దుర్ అను రేవు గలదు. 1924 మొదలు 1929 వరకు ఇంగ్లండునందలి హల్ పట్టణపు హెల్యర్ సోదరుల కంపెనీవారు ఈ రేవునుండి ట్రాలర్లను, అనగా పెద్ద లాగుడువలల ఆవిరియోడలను నడపిరి. ఓడలు తెచ్చిన కాడు చేపను కడిగి, ఉప్పువేసి, ఎండబెట్టు పనిలో స్త్రీలే మిక్కుటముగా నుండిరి. ఉప్పుచేప పని యెట్టిదో మన యిండ్ల ఆడువారికి వేరుగ చెప్పనక్కరలేదు గదా! 1929లో కంపెనీవారు వ్యాపారము చాలించుకొని వెడలిపోయిరి. ఆ వెనువెంటనే లోకమంతటను ఆర్థికమాంద్యము కమ్ముకొనెను.

1926 నుండి ఆ పురపాలక సంఘమున శ్రామికపక్షమువారిదే ఆధిక్యము. వారు 1931 ఫిబ్రవరి 12వ తేదీన పురపాలక సంఘము పేరనే ఓడల సంస్థను స్థాపించిరి. ఆ దేశమున నిట్టిది మొదటిది. తొలి ఓడకు మే మాసము పేరు పెట్టిరి. పిదప జూను, జూలై పేరులును వచ్చెను. నష్టము వచ్చినపుడు సొంతదారుడు ఓడను గట్టుకు కట్టివేయగలడు. పురపాలక సంఘమున కది సులభముగాదు. ఓడపై పనిచేయువారును, ఓటువేయువారును, నష్టము పూడ్చుటకు పన్ను చెల్లించువారును ఒక్కరే. ఇది సంస్థకు బలమా, బరువా యనిన, రెండును అనియే మా యభిప్రాయము.

ఉత్తరతీరమందలి ఆకురేరి పట్టణపు కథ మరియొక తీరుది. అచ్చట 1945లో పుట్టిన కంపెనీలో పురపాలక సంఘము, సహకార సంఘము, సామాన్య పురజనులు వాటాదారులు. 1947లో వచ్చిన తొలి ఓడకు ఆ సముద్రపుపాయ ఒడ్డుననున్న కొండ పేరిట కాల్ద్‌బాకుర్ అని పేరిడిరి. 1952లో ఐస్లాండు తన మత్స్యజలముల యెల్లను నాలుగు మైళ్లకు జరుపగా, బ్రిటిషు ఓడల యజమానులు కినిసి తమ రేవులలో ఐస్లాండు చేపను దిగనీయరైరి. 1956 వరకు ఇదే స్థితి. తాజాచేపకు అంగడి మూతవడగా, దానిని గడ్డకట్టించి అమ్మవలసివచ్చెను. ఆకురేరి కంపెనీవారు 1957లో అందులకు కర్మాగారము నెలకొల్పిరి. ఆ దశకము చివర కంపెనీ నష్టములలో మునుగగా, పురపాలక సంఘమే చేయూతనిచ్చి ప్రధాన వాటాదారయ్యెను.

పురజనుల ఓడ యనగా పురజనుల బిడ్డలు ఎక్కిన ఓడ. 1959 ఫిబ్రవరిలో న్యూఫౌండ్లాండు చెంత తుపానులో హాఫ్నర్‌ఫ్యోర్దుర్ వారి జూలై ఓడ ముప్పదిమంది నావికులతో మునిగిపోయెను. ఒక్కడును మిగులలేదు. అదే తుపానులో రెయ్క్యావిక్ పురపాలక సంఘపు ఓడ థోర్కెల్ మానీ చిక్కుకొనగా, నావికులు ఓడపై పేరుకొనిన మంచును ఎడతెగక పగులగొట్టి ప్రాణములతో మరలివచ్చిరి.

హాఫ్నర్‌ఫ్యోర్దుర్ సంస్థను 1985లో అమ్మివేసిరి. ఆకురేరి పురపాలక సంఘమును 1990లలో తన వాటాలను విక్రయించెను. అప్పటికి 1990 నాటి చట్టముచే చేపపట్టు హక్కు ఓడను అంటియుండి, క్రయవిక్రయములకు లోనైనది. ఓడ అమ్ముడువోయిన ఆ రేవువారి హక్కును దానివెంటనే పోవును. మత్స్యసంపద జాతిజనులందరి ఉమ్మడిసొత్తని ఆ చట్టమే తన మొదటి ప్రకరణమున చెప్పుచున్నది.