సీసా మీది పేరు దాచితే: 1976 పారిస్ వైన్ పరీక్ష

కాలిఫోర్నియాలోని నాపా లోయ ఉత్తరపు కొసన కాలిస్టోగా అనే చిన్న ఊరుంది. ఆ ఊరి దగ్గర కొండవాలును ఆనుకొని, చూడటానికి కోటలా ఉండే ఒక రాతి కట్టడం ఉంది. అది షాటో మాంటలీనా అనే వైనరీ. ఆల్ఫ్రెడ్ టబ్స్ అనే వ్యాపారి 1882లో దాన్ని స్థాపించాడు. కొన్నేళ్ల క్రితం అమెరికాలో ఉన్న మా అమ్మాయి నన్ను అక్కడికి తీసుకువెళ్లింది. నేను మద్యం ముట్టను. అయినా జీవితమంతా చరిత్ర పాఠాలు చెప్పినవాడిని కనుక, ఆ గదిని చూడకుండా తిరిగి రాలేననిపించింది.

వైనరీలలో సందర్శకులకు వైన్ రుచి చూపించే గదిని టేస్టింగ్ రూమ్ అంటారు. రుసుము కట్టినవారికి నాలుగైదు రకాలు, ఒక్కొక్కటి రెండు మూడు గుక్కలకు మించకుండా పోస్తారు. ముందు తెల్లవి, తర్వాత ఎర్రవి. గ్లాసును వెలుతురుకు పట్టి రంగు చూడాలి, గుండ్రంగా తిప్పి వాసన పీల్చాలి, ఆ తర్వాత కొద్దిగా నోట్లోకి తీసుకోవాలి. మింగడం ఇష్టం లేనివారు ఉమ్మడానికి పక్కనే ఒక పాత్ర ఉంటుంది. మా అమ్మాయి రుచి చూసింది. నేను వాసన చూసి ఊరుకున్నాను. నా దృష్టి మాత్రం వైన్ పోసే ఆవిడ మాటల మీద నిలిచింది. గ్లాసు మా అమ్మాయి ముక్కు దాకా వెళ్లకముందే కథ మొదలైంది: 1976లో పారిస్‌లో ఫ్రెంచి నిపుణులే ఈ వైనరీ తెల్ల వైన్‌కు మొదటి స్థానం ఇచ్చారు!

ఇక్కడే నాకు ఒక సందేహం కలిగింది. పారిస్‌లో ఆ రోజు జరిగిన పరీక్షలో పేరు, ఊరు, కథ అన్నీ దాచి, గ్లాసులో ఉన్నదాన్ని మాత్రమే ముందుంచారు. ఆ పరీక్షలో గెలిచిన వైన్‌ను ఇప్పుడు కథ చెప్పిన తర్వాతే పోస్తున్నారు. పేరు వల్ల రుచి ఏర్పడుతుందా, రుచి వల్ల పేరు వస్తుందా? చరిత్ర విద్యార్థికి ఇది పనికిరాని ప్రశ్న కాదు. కీర్తి కూడా ఒక చారిత్రక ఆధారమే. అన్ని ఆధారాల లాగే దాన్నీ పరీక్షించాలి.

పేరు ఎలా వచ్చింది?

ఫ్రెంచి వైన్ కీర్తికి లిఖిత పత్రం 1855 నాటిది. ఆ ఏడాది మూడవ నెపోలియన్ పారిస్‌లో జరిపిన ప్రదర్శన కోసం, బోర్డో ప్రాంతపు దళారులు అక్కడి ప్రసిద్ధ ఎర్ర వైన్లను అయిదు తరగతులుగా విభజించారు. దేని ఆధారంగా విభజించారో గమనించండి. అప్పటికే మార్కెట్లో పలుకుతున్న ధరలే వారికి ప్రధానమైన కొలబద్ద. అంటే ఆ పట్టికలో నమోదైనది వైన్ రుచి కంటే వ్యాపారుల నమ్మకం. అయినా అది శాసనంలా నిలిచిపోయింది. మూటాన్ రాత్‌షీల్డ్ అనే వైనరీ రెండవ తరగతి నుంచి మొదటి తరగతికి ఎక్కడానికి 1973 దాకా ఆగవలసి వచ్చింది.

ఈ కథకు అడుగున మరో విషయం ఉంది. 1860లలో ఫ్రాన్సు ద్రాక్షతోటలను ఫిలోక్సెరా అనే చిన్న పురుగు పట్టుకుంది. అది వేళ్లను తిని తీగను చంపుతుంది. అమెరికా నుంచి తెచ్చిన మొక్కలతోనే అది ఐరోపాకు చేరింది. మందు కూడా అక్కడి నుంచే వచ్చింది. ఆ పురుగును తట్టుకునే అమెరికా ద్రాక్ష వేళ్లకు ఫ్రెంచి కొమ్మలను అంటుకట్టి తోటలను మళ్లీ నిలబెట్టారు. అందువల్ల ఫ్రాన్సులో నేటికీ చాలా తోటలు అమెరికా వేళ్ల మీదే నిలిచి ఉన్నాయి. ఫ్రెంచి మట్టి, అమెరికా మట్టి అని గీత గీసి వాదించేవారు ఈ సంగతి తరచు మరచిపోతారు.

అమెరికా వైపు చరిత్ర వేరు. 1920 నుంచి 1933 వరకు అక్కడ దేశమంతటా మద్యనిషేధం అమలైంది. మతకర్మలకు వాడే వైన్‌కూ, ఇంట్లో పిండుకునే ద్రాక్షరసానికీ మాత్రం అవకాశం ఉండేది. రైళ్లలో దూరం పంపినా చెడని మందపు తోలు ద్రాక్ష కోసం చాలామంది రైతులు మేలురకం తీగలను తీసేశారు. (మన రాష్ట్రంలో 1992 నాటి సారా వ్యతిరేక ఉద్యమం, 1995 నిషేధం గురించి మీరు చదివే ఉంటారు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి. దూబగుంట మహిళల పోరాటానికి కారణాలు వేరు.) నిషేధం ఎత్తివేసేనాటికి తోటలతో పాటు తాగేవారి అలవాటు కూడా మారిపోయింది. 1960ల చివరి దాకా అమెరికాలో భోజనంతో తీసుకునే మామూలు వైన్ కంటే, సారా కలిపి ఘాటు పెంచిన తీపి వైన్లే ఎక్కువగా అమ్ముడయ్యేవి.

టేస్టింగ్ రూమ్ అవసరం ఈ పరిస్థితిలోంచే పుట్టింది. కొనేవాడికి సరుకు తెలియనప్పుడు రుచి చూపించి నేర్పాలి. బెరింజర్ వైనరీ 1934లోనే సందర్శకులను లోపలికి రానిచ్చింది. రాబర్ట్ మాండవి 1966లో ఓక్‌విల్ దగ్గర వైనరీ కట్టినప్పుడు, చూడవచ్చే జనాన్ని దృష్టిలో పెట్టుకొనే దాన్ని రూపొందించాడు. బోర్డోకు వెనక 1855 పట్టిక ఉంది. నాపాకు అలాంటిదేమీ లేదు. చేతిలో ఉన్నది ఒక గది, ఒక గ్లాసు.

పరీక్ష

స్టీవెన్ స్పరియర్ పారిస్‌లో వైన్ దుకాణం నడిపే ఆంగ్లేయుడు. వైన్ గురించి బోధించే ఒక పాఠశాల కూడా నడిపేవాడు. అక్కడ అతని సహచరి ప్యాట్రీషియా గాలఘర్ అమెరికన్. 1976 అమెరికా స్వాతంత్ర్యానికి రెండువందల ఏళ్లు నిండిన సంవత్సరం. ఆ సందర్భంగా కాలిఫోర్నియా వైన్లను ఫ్రెంచి నిపుణులకు చూపిద్దామని ఇద్దరూ అనుకున్నారు. 1975లో గాలఘర్, మరుసటి ఏడాది స్పరియర్ కాలిఫోర్నియా వెళ్లి, వైనరీలు తిరిగి రుచి చూసి సీసాలను ఎంపిక చేశారు. ఫ్రాన్సు యాత్రకు బయలుదేరిన నాపా ఉత్పత్తిదారుల బృందం ఆ సీసాలను తమ సామానుతో పాటు విమానంలో తెచ్చిపెట్టింది.

మే 24న పారిస్‌లోని ఇంటర్‌కాంటినెంటల్ హోటల్‌లో తొమ్మిది మంది ఫ్రెంచి న్యాయనిర్ణేతలు కూర్చున్నారు. వీరిలో రొమానే కాంటి వైనరీకి చెందిన ఒబేర్ ద విల్లేన్, వైన్ పత్రిక సంపాదకురాలు ఒడెత్ కాన్, గ్రాన్ వెఫూర్ రెస్టారెంట్ అధిపతి రేమొన్ ఒలివియే వంటివారు ఉన్నారు. తెల్ల వైన్లలో ఆరు కాలిఫోర్నియావి, నాలుగు బర్గండీవి. ఎర్రవాటిలో ఆరు కాలిఫోర్నియావి, నాలుగు బోర్డోవి. ఏది ఎక్కడిదో తెలియకుండా పోశారు. ఒక్కొక్కదానికి 20 మార్కులు. మీ జవాబు పత్రాలు దిద్దేముందు పేరు, హాల్‌టికెట్ నంబరు ఉన్న భాగాన్ని తొలగించి కోడ్ నంబరు వేస్తారు కదా, ఇదీ అదే పద్ధతి.

తెల్లవాటిలో మాంటలీనా 1973 షార్డొనే మొదటి స్థానంలో నిలిచింది. ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్ వైన్ సెల్లర్స్ 1973 కాబెర్నే సావిన్యోన్ మొదట వచ్చింది. దాని తర్వాతి స్థానం, మూడేళ్ల క్రితమే మొదటి తరగతికెక్కిన మూటాన్‌ది. కాలిఫోర్నియా వైన్‌ను ఫ్రెంచిదనుకొని మెచ్చుకున్నవారూ ఆ గదిలో ఉన్నారు. ఫలితం తెలిశాక ఒడెత్ కాన్ తన మార్కుల కాగితాలు తిరిగి ఇమ్మని అడిగారనీ, తాను ఇవ్వలేదనీ స్పరియర్ తర్వాత చెప్పాడు. నిజానికి ఫ్రెంచి వైన్లే గెలుస్తాయని అతనూ అనుకున్నాడు.

గెలిచిన వైన్లను తయారు చేసినవారి గురించి ఒక మాట. మాంటలీనా షార్డొనేను చేసిన మైక్ గర్గిచ్ క్రొయేషియాలో పుట్టి, 1958లో నాపా చేరిన వలసజీవి. స్టాగ్స్ లీప్ అధిపతి వారెన్ వినియార్‌స్కీ షికాగో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, 1964లో ఆ పని వదిలి నాపాకు వచ్చి, ఇతరుల వైనరీలలో పని నేర్చుకున్నాడు. గెలిచిన ఎర్ర వైన్ 1970లో నాటిన తీగలది. ముదురు తీగ పండే గొప్పదనే పాత నమ్మకానికి ఇదొక ఎదురుదెబ్బ. మాంటలీనాను 1972లో తిరిగి నడిపించిన జిమ్ బారెట్ న్యాయవాది. ఫలితం వెలువడిన సమయంలో ఆయన పైన చెప్పిన యాత్రాబృందంతో బోర్డోలోని షాటో లాస్కాంబ్‌లో అతిథిగా ఉన్నాడు. గెలుపు వార్త ఫోన్‌లో అక్కడికే వచ్చింది. ఆతిథ్యమిస్తున్న ఫ్రెంచివారి ముందు ఆ బృందం సంతోషాన్ని అణచుకొని, బస్సెక్కిన తర్వాతే బయటపెట్టింది.

పరీక్షను పరీక్షిద్దాం

ఇంతవరకు చదివి కాలిఫోర్నియా గెలిచిందని రాసి ఊరుకుంటే సగం మార్కులే వస్తాయి. ఎర్ర వైన్లలో మొదటిదానికి తొమ్మిది మంది ఇచ్చిన మొత్తం మార్కులు 127.5, రెండవదానికి 126. పూర్తి మార్కులు 180. ఒకటిన్నర మార్కుల తేడా! దిద్దేవారిలో ఒకరు ఆ పూట కాస్త ఉదారంగా ఉంటే తారుమారయ్యే తేడా. ఈ మార్కులను తర్వాత ఆర్థికవేత్తలు ఆర్లీ ఆషన్‌ఫెల్టర్, రిచర్డ్ క్వాంట్ గణాంకశాస్త్ర దృష్టితో పరిశీలించారు. పైగా ఒక పక్షం నుంచి ఆరు, మరో పక్షం నుంచి నాలుగు పోటీకి దిగాయి. అన్నిటికంటే పెద్ద లోపం మరొకటి. ఎర్ర వైన్లు పోయకముందే తెల్ల వైన్ల ఫలితం ప్రకటించారు. ఆ తర్వాత మార్కులు వేసిన చేయి మునుపటి చేయి కాదు.

ఇంతకూ ఇది మనకెలా తెలిసింది? చాలా పత్రికలను ఆహ్వానించినా వచ్చిన విలేకరి ఒక్కడే, టైమ్ వారపత్రికకు చెందిన జార్జ్ టేబర్. వైన్లను పోసే క్రమం రాసిన కాగితం అతని చేతిలో ఉండటం వల్ల, ఎవరు దేన్ని మెచ్చుకుంటున్నారో అతనికి తెలుస్తూనే ఉంది. జూన్ 7 సంచికలో ఒక చిన్న వార్త రాశాడు. ముగ్గురు దేవతల అందాన్ని తూచిన గ్రీకు పురాణ రాకుమారుడు పారిస్‌ను గుర్తుకుతెచ్చేలా, ‘పారిస్ తీర్పు’ అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టారు. ఫ్రెంచి పత్రికలు నెలల తరబడి పెద్దగా పట్టించుకోలేదు. ఆ మధ్యాహ్నం టేబర్ రాకపోతే, స్పరియర్ బల్లమీది కాగితాలు ఎవరికి పట్టేవి? 2008లో దీని మీద వచ్చిన హాలీవుడ్ సినిమాను మాత్రం ఆధారంగా తీసుకోకండి. వైన్ చేసిన గర్గిచ్ అందులో దాదాపు కనిపించడు.

కాలిఫోర్నియా వైన్ నిల్వకు తట్టుకోదని ఫ్రెంచివారు వాదించారు. ముప్ఫై ఏళ్ల తర్వాత, 2006 మే 24న, అవే ఎర్ర వైన్లను లండన్‌లోనూ నాపాలోనూ ఒకేసారి మళ్లీ రుచి చూశారు. మొదటి అయిదు స్థానాలూ కాలిఫోర్నియావే. కానీ మొదట వచ్చింది స్టాగ్స్ లీప్ కాదు, 1976లో అయిదవ స్థానంలో నిలిచిన రిడ్జ్ మాంటె బెల్లో. రెండు తీర్పులూ ఒకే దేశానికి అనుకూలంగా వచ్చాయి. ఒకే సీసాకు మాత్రం రాలేదు.

మన ఆలంకారికులు కవిత్వాన్ని ద్రాక్షాపాకమని, నారికేళపాకమని రుచితో కొలిచారు. కవి పేరు చెప్పకుండా పద్యం చదివి వినిపిస్తే ఎంతమంది అదే పాకం చెబుతారో ఎవరూ లెక్కగట్టినట్టు లేదు.

చేసి చూడండి

సంపర్క తరగతుల రోజున అధ్యయన కేంద్రంలో ఒక ప్రయోగం చేయండి. మూడు కంపెనీల టీ పొడులు తెచ్చి, ఒకే పాలు, ఒకే చక్కెర వేసి కాచండి. కప్పులకు 1, 2, 3 అంకెలు వేయండి. ఏ అంకె ఏ కంపెనీదో ఒక్కరికే తెలియాలి. తాగినవారు 20కి మార్కులు వేసి చీటీలు ఇచ్చాక పేర్లు బయటపెట్టండి. అయిదారు రోజుల తర్వాత, ఎవరితోనూ మాట్లాడకుండా, ఆ రోజు ఏం జరిగిందో ఒక్కొక్కరూ ఒక పేజీ రాయండి. ఆ పేజీలను పక్కపక్కన పెట్టి, చీటీలతో పోల్చి చదవండి. తన చీటీ తిరిగి ఇమ్మని ఎవరైనా అడిగి ఉంటే, అది ఎన్ని పేజీల్లో నమోదైందో కూడా చూడండి.