ట్యూరింగ్ కన్నా పదేళ్ల ముందు వచ్చిన మెడల్

నిడదవోలు నుంచి మాట్లాడుతున్నా. రాజ్ రెడ్డి గారి పేరు చెప్తే అందరం 1994 ట్యూరింగ్ అవార్డే అంటాం. కంప్యూటర్ సైన్సులో అదే పెద్దది మరి. అది అందుకున్న మొదటి ఆసియా మనిషి, అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన ఈయనే.

నేను చెప్పేది దానికి పదేళ్ల ముందు సంగతి. 1984లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తెరాఁ ఆయనకి లీజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. అప్పుడాయన పారిస్‌లో ఒక ప్రపంచ కంప్యూటర్ కేంద్రానికి చీఫ్ సైంటిస్టు. పేద దేశాల జనానికి కంప్యూటర్ ఎలా అందించాలన్నదే అక్కడి పని.

తేడా చూడండి. ట్యూరింగ్ మెచ్చుకున్నది కృత్రిమ మేధ సిస్టమ్స్ కట్టిన పనిని. ఫ్రాన్స్ మెచ్చుకున్నది ఆ టెక్నాలజీ ఎవరికి చేరాలి అని అడిగినందుకు. మొదటిదే మనకి గుర్తుంది, రెండోది మర్చిపోయాం.

ఆయన మాత్రం మర్చిపోలేదు. 2008లో పల్లెటూళ్ల పదో తరగతి పిల్లల కోసం నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు, ఆ యూనివర్సిటీకి మొదటి ఛాన్సలర్ ఆయనే. పదో తరగతి మార్కులతో సీటు, ఆరేళ్ల చదువు.

మీ ఊరి నుంచి నూజివీడు వెళ్లి చదువుకున్నవాళ్లుంటే, ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి.