బళ్ళారి వీథిబడులు

1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ తన జిల్లాలోని పాఠశాలలను గురించి మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపినాడు. అంతకు ఏడేండ్ల ముందే, 1816లో, ఆంగ్లమున తెలుగు వ్యాకరణము రచించి ప్రకటించిన భాషావేత్త ఆయన. అందువలన ఆ నివేదికలో లెక్కలతోపాటు చదువు సాగే తీరు కూడ కనబడుతుంది.

ఆ జిల్లాలో నాడు 533 బడులుండేవి. వానిలో 226 తెలుగు బడులు. విద్యార్థులు 6,641 మంది. పిల్లలను వయస్సును బట్టి కాక, చదువు అందినంత మేరకు జట్లుగా కూర్చుండబెట్టేవారు. పై జట్టును పంతులు స్వయముగా చూచుకొనేవాడు. క్రింది జట్లకు ముందు నేర్చినవారు నేర్పేవారు. ఇసుకలో అక్షరము దిద్దేవాడు, పద్యము చదివేవాడు ఒకే బడిలో ఉండేవారు. ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించుట ఉచితమేనని కాంబెల్ మెచ్చుకొన్నాడు.

అయితే ఆ బడికి రెండు లోపములుండెను. మొదటిది, ద్వారము ఇరుకు. అంతమందిలో బాలికలు 60 మందే. పట్టికలోని గడులు కులమును, స్త్రీ పురుష భేదమును బట్టి గీచినవి. చూపు లేని బిడ్డకు, వినికిడి లేని బిడ్డకు అందులో గడి లేదు. రెండవది, భాష. పిల్లలు వల్లించే కావ్యభాష వాడుక మాటకు దూరమై, అర్థము తెలియకయే కంఠస్థమయ్యేదని కాంబెల్ విచారించినాడు. అట్టి బాలుడు బడిలో ఉండి కూడ చదువుకు వెలుపలనే ఉన్నాడు.

స్వాతంత్ర్యానంతరము మొదటి లోపమును సవరించే ప్రయత్నము క్రమముగా జరిగినది. వికలాంగ బాలలలో సాధ్యమైనంతమందిని సాధారణ పాఠశాలలలోనే చదివించవలెనని 1964-66 నాటి కొఠారీ కమిషను సూచించినది. 1974లో కేంద్రప్రభుత్వము అందుకొక పథకమును ప్రారంభించినది. ప్రభుత్వ సహాయమో గుర్తింపో పొందిన విద్యాసంస్థలు వారిని ఇతరులతో కలిపి చదివించవలెనని 2016 నాటి చట్టము విధించినది.

రెండవ లోపమును చట్టము తీర్చజాలదు. భారతీయ భాషలకు ఉమ్మడి బ్రెయిలీ లిపి 1951లోనే కుదిరినది. కాని ఆ లిపిలో పాఠ్యపుస్తకము చేతికందని అంధ బాలుడు, వాక్యము కొరుకుడుపడక మౌనముగా కూర్చున్న మందగతి బాలుడు, బళ్ళారి బాలునివలెనే తరగతిలో ఉండి కూడ వెలుపలనున్నవారే. తోటివాని చేత నేర్పించే నేర్పు వీథిబడి మనకు విడిచిన ఆస్తి. అందరికి అందే వాక్యమును అది విడిచిపోలేదు. దానిని సమకూర్చవలసినవారు రచయితలు.