సంధ్య తర్వాత ఎవరు?

మా పెద్దమ్మ కూతురు పెళ్ళయ్యాక పరవాడ నుంచి డాలస్ వెళ్ళింది. ‘పడమటి సంధ్యారాగం’ చూడమని నేనే చెప్పాను. చూసి ఫోన్ చేసింది. “బాగుందిరా. కానీ ఆ పిల్ల మనలాగ మాటాడదేటి?”

జంధ్యాల 1987లో తీసిన సినిమా. తల్లిదండ్రులతో అమెరికా చేరిన సంధ్య (విజయశాంతి) క్రిస్ అనే తెల్లబ్బాయిని ప్రేమిస్తుంది, నాన్న ఒప్పుకోడు. క్రిస్‌గా వేసింది థామస్ జేన్. అప్పటికి ఇరవయ్యేళ్ళు కూడా లేవు. తర్వాత హాలీవుడ్‌లో ‘ది పనిషర్’ (2004) హీరో అయ్యాడు. ఈ సంగతి చెబితే మా ఆఫీసులో ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

1965 నాటి వలస చట్టం తలుపు తీస్తే మన డాక్టర్లూ ఇంజినీర్లూ వెళ్ళారు. 1977కల్లా తానా మహాసభ పెట్టుకునేంత మంది అయ్యారు. తెల్లా నల్లా పెళ్ళి చేసుకోవడం నేరమనే చట్టాలు ఆ దేశంలో కొన్ని రాష్ట్రాల్లో 1967 దాకా ఉన్నాయి. కాబట్టి జాతి దాటిన పెళ్ళంటే భయపడే నాన్నలు అటువైపు కూడా ఉన్నారు. మీరా నాయర్ ‘మిసిసిపీ మసాలా’ వచ్చింది 1991లో. వలస వెళ్ళిన అమ్మాయి ప్రేమని కథకి నడుమ నిలబెట్టడంలో మన జంధ్యాల నాలుగేళ్ళు ముందే ఉన్నాడు. ఇది చిన్న విషయం కాదు.

అయితే నాకు గుర్తుండిపోయిన నవ్వులన్నీ తండ్రి భయం చుట్టూ తిరిగేవే. సంధ్యకి ప్రేమ దక్కింది, నవ్వించే అవకాశం దక్కలేదు. హాస్యచిత్రంలో మాటకారికి ఉండే అధికారం వేరు. నవ్వించేవాడి వైపే మనమూ నిలబడతాం.

ఆ అధికారం ఒక అమ్మాయికి, అదీ యాసతో సహా, దొరకడం నేను చూసింది ‘ఫిదా’లో (2017). అంతవరకూ రౌడీలకీ కమెడియన్లకీ ఇచ్చిన తెలంగాణ మాటని శేఖర్ కమ్ముల భానుమతి నోట పెట్టాడు. బాన్సువాడ పిల్ల మాట్లాడుతుంటే అమెరికా అబ్బాయి బిత్తరపోతాడు, మనం ఆమెతో కలిసి నవ్వుతాం. కానీ భానుమతి వలస వెళ్ళదు. చివరికి అబ్బాయే ఊరికి వస్తాడు.

వెళ్ళినవాళ్ళ సంగతి? హెచ్-4 వీసా మీద వెళ్ళిన భార్యలకి 2015 మే దాకా ఉద్యోగం చేసే హక్కు లేదు. ఆ తర్వాత కూడా, భర్త గ్రీన్‌కార్డు ప్రయత్నం కొంత దూరం వచ్చినవాళ్ళకే. మా అక్క ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ. నాలుగేళ్ళు వంటగదిలో ఉంది. అమెరికావాళ్ళు ఆమె ఇంగ్లీషుకి నవ్వలేదట. తెలుగువాళ్ళ పాట్‌లక్‌లో “ఏటండీ” అన్నందుకు నవ్వారట, సినిమాల్లో వాచ్‌మన్ గుర్తొచ్చి. ఆ నవ్వు మీద ఎవరైనా కామెడీ తీస్తే మొదటి టికెట్ తనదేనంది.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళాను. ఫార్మాసిటీలో పనికొచ్చిన ఒడిశా కుటుంబాలు మా వీధిలో ఇప్పుడు చాలానే ఉన్నాయి. కిరాణాకొట్టు దగ్గర ఒకావిడ ఒడియా పలుకుతో, అచ్చం మా యాసలో, “ఏటి బాబూ, ఉల్లిపాయలు ఎంత?” అంది. కొట్టులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.