గారడీ గుట్టు విప్పే విద్య: కెంట్ నుంచి కరీంనగర్ దాకా

మొదట పోయేవి పళ్ళు. కరీంనగర్, ఆదిలాబాద్, మెదక్ పల్లెల్లో "వాడు మంత్రాలు చేస్తుండు" అన్న మాట పుట్టాక, ఆ మనిషిని కట్టేసి పళ్ళు ఊడగొట్టిన వార్తలు ఏళ్ళ తరబడి పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. పళ్ళు లేకుంటే మంత్రం సరిగ్గా పలకదని, పలకని మంత్రం పారదని నమ్మకం. అంతటితో వదిలేస్తే ప్రాణం దక్కినట్టే. 2020 నవంబరులో జగిత్యాల జిల్లా మల్యాల మండలం బల్వంతాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరును మంత్రాల నెపంతో సజీవదహనం చేశారు. 2022 జనవరిలో జగిత్యాల టీఆర్ నగర్‌లో ఒక తండ్రినీ, ఇద్దరు కొడుకులనూ అదే అనుమానంతో చంపేశారు. 2016 దాకా ఈ రెండు చోట్లూ కరీంనగర్ జిల్లాలోనివే.

బాణామతి, అంటే చేతబడి, చేస్తున్నాడన్న నింద, సైతానును కొలుస్తున్నాడన్న నింద ఒక్క తీరుగానే నడుస్తాయి. రుజువు అడిగేవాడు ఉండడు, కాదని నిరూపించుకునే దారీ ఉండదు. ఐరోపాలో వాల్డెన్సియన్లనే చిన్న క్రైస్తవ శాఖ మీద ఈ నింద పడింది. చర్చి అధికారాన్ని ఒప్పుకోకపోవడమే వాళ్ళ తప్పు. 1459-60లో అరాస్ పట్టణంలో ఆ శాఖతో ఏ సంబంధమూ లేని మామూలు జనాన్ని కూడా అదే పేరుతో పట్టుకున్నారు. చిత్రహింసలు పెట్టి ఒప్పించి, కాల్చేశారు. వాళ్ళ శిక్షలు చెల్లవని పారిస్ న్యాయస్థానం 1491లో తేల్చింది. అప్పటికి ముప్పై ఏళ్ళు గడిచిపోయాయి. మన కాలంలో ఇరాక్ యజీదీలను సైతాను భక్తులని ముద్రవేసి, 2014 ఆగస్టులో సింజార్‌లో ఐసిస్ మూకలు ఊచకోత కోశాయి.

ఈ నిందకు విరుగుడు వెతికిన మొదటివాళ్ళలో ఇద్దరి పని ఇప్పటికీ మనకు అక్కరకొస్తుంది. ఒకరు యోహాన్ వేయర్, క్లీవ్స్ ప్రభువు ఆస్థాన వైద్యుడు. మంత్రగత్తెలని పట్టుకొస్తున్న ముసలమ్మల్లో చాలామంది మనోవ్యాధితో బాధపడుతున్నవాళ్ళని, వాళ్ళకు కావలసింది వైద్యమే కాని చితి కాదని 1563లో పుస్తకం రాశాడు. రెండో మనిషి రెజినాల్డ్ స్కాట్, ఇంగ్లండ్‌లోని కెంట్‌వాడు. అంతకుముందు అతను రాసింది హాప్ తీగల సాగు గురించి. 1582లో ఎసెక్స్ ప్రాంతంలో మంత్రగత్తెల పేరుతో జరిగిన విచారణలు అతన్ని కలవరపెట్టాయి. 1584లో సొంత డబ్బుతో పెద్ద పుస్తకం అచ్చువేయించాడు. అందులో ఒక భాగమంతా గారడీ విద్యే. నాలుకలోకి సూది గుచ్చుకోవడం, తెగిన తల పళ్ళెంలో మాట్లాడటం ఎట్లా చేస్తారో బొమ్మలు గీయించి మరీ చూపించాడు. లండన్‌లో కాయకష్టం చేసుకుని బతికే ఓ ఫ్రెంచివాడు అతనికి ఈ కిటుకులు నేర్పాడు.

గారడీ గుట్టు విప్పి చూపే పద్ధతి వినోదం కోసం పుట్టలేదు. బోనులో నిలబెట్టిన ముసలమ్మను బతికించడం కోసం పుట్టింది. నాకు ఈ కథలో అన్నిటికంటే విలువైన సంగతి ఇదే. వేయర్, స్కాట్ చెప్పింది నచ్చని స్కాట్లండ్ రాజు జేమ్స్ 1597లో వాళ్ళిద్దరినీ ఖండిస్తూ తానే ఒక గ్రంథం రాశాడు.

మన వైపుకు ఈ విద్య మొక్కల పాఠాలు చెప్పే మాస్టార్ల చేతుల్లో వచ్చింది. తిరువల్లలో పుట్టి శ్రీలంకలో వృక్షశాస్త్రం బోధించిన అబ్రహాం కోవూర్, మహిమ చూపినవారికి లక్ష రూపాయలిస్తానని 1963లో సవాలు విసిరాడు. మన గోరా కూడా వృక్షశాస్త్ర అధ్యాపకుడే. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు, తర్వాత అది విజయవాడకు మారింది. కోవూర్ 1978లో పోయాక కోయంబత్తూరు దగ్గరి పోదనూరు ప్రేమానంద్ ఆ సవాలును ఎత్తుకుని, గారడీ గుట్టు విప్పి చూపుతూ ఊరూరా తిరిగాడు. 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఆ ప్రదర్శనలను తెలుగు పల్లెలకు, బడులకు చేర్చారు.

వాళ్ళ సంచిలో ఉండేవి మామూలు వస్తువులే. నిమ్మకాయ కోస్తే నెత్తురు కారడానికి కత్తికి మందార పూల రసం పూసి ఆరబెడితే చాలు, పులుపు తగలగానే ఆ రంగు ఎర్రబడుతుంది. పసుపునీళ్ళలో సున్నం కలిస్తే ఎరుపెక్కుతుందని దిష్టి తీసే ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఆ ఎరుపే ముగ్గులో కనిపిస్తే మాత్రం ఊరు గజగజలాడుతుంది. పొటాషియం పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ చుక్కలు పడితే కాసేపటికి మంట లేస్తుంది. తెల్ల భాస్వరం ఎండపూట గాలి తగిలితే చాలు, అంటుకుంటుంది. 1669లో హాంబర్గ్‌లో హెన్నిగ్ బ్రాండ్ బంగారం చేద్దామని మూత్రం మరిగిస్తే బయటపడ్డ మూలకం అది. ఇంట్లో బట్టలు వాటంతటవే కాలిపోయాయని ఎవరైనా అంటే, మనుషుల మీద పడే ముందు వెతకవలసినవి ఇవి.

అయినా ఇది సగం పనే. ఊళ్ళో అనుమానం మొదలయ్యేది చాలాసార్లు నిమ్మకాయతో కాదు, చావుతో. పడుచు కొడుకు ఉన్నట్టుండి పోతాడు, కోడలికి మూర్ఛలు వస్తాయి, బిడ్డ ఒళ్ళు కాగి రెండు రోజుల్లో చేజారిపోతుంది. ఎందుకో చెప్పే డాక్టరు లేడు. భూతవైద్యుడు మాత్రం వెంటనే ఒక పేరు చెబుతాడు. ఆ పేరు తరచుగా ఒంటరి ఆడమనిషిదో, పేద దళితుడిదో, భూమి తగాదా ఉన్న దాయాదిదో అవుతుంది. కన్నబిడ్డను పోగొట్టుకున్న తల్లికి పర్మాంగనేట్ మంట చూపిస్తే ఏం ఓదార్పు? ఆమెకు కావలసింది వేయర్ చెప్పిన వైద్యం. 1980లలో విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్ళు బాణామతి సంగతి తేల్చడానికి మెదక్ వైపు వెళ్ళినప్పుడు డాక్టర్లను వెంటబెట్టుకుపోయారు. నా లెక్కలో స్కాట్, వేయర్ ఇద్దరి విద్యా ఒక్కచోట కలిసింది అక్కడే. పోలీసు కళాబృందాలు పాటలతో పల్లెలకు వెళ్ళడం మంచిదే, కానీ ఆ బండిలో ఒక మానసిక వైద్యుడు కూడా ఉండాలి.

ఆదిలాబాద్ ఎల్లకు అవతల మహారాష్ట్రలో ఇటువంటి నిందలకు, మూఢాచారాలకు వ్యతిరేకంగా చట్టం కూడా ఉంది. దానికోసం ఏళ్ళ తరబడి పోరాడిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణేలో కాల్చి చంపారు. అదే వారంలో ఆర్డినెన్స్, డిసెంబరులో చట్టం వచ్చాయి. ఫలానా మనిషి చేతబడి చేస్తున్నాడని చాటి వేధించడం కూడా అందులో నేరమే. 2021 ఆగస్టులో చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాలో ముసలివాళ్ళని కూడా చూడకుండా దళితులను చేతబడి నెపంతో కట్టేసి కొట్టారు. అంటే చట్టం ఉన్నచోట కూడా దెబ్బలు ఆగలేదు. అయినా పోలీసుల చేతిలో ఒక ఆయుధమైతే ఉంది. జివతిని ఆనుకుని ఇటువైపు మన ఆసిఫాబాద్ జిల్లా. తెలంగాణకు అటువంటి ప్రత్యేక చట్టం లేదు. ఉంటే, మంత్రగాడని పేరు పెట్టి కులపంచాయితీ కూర్చున్న రోజే ఎస్సై ఆ ఊరికి రావచ్చు. ఇప్పుడు చాలాసార్లు ఆయన వచ్చేది శవపంచనామాకు.